మూట మోసినవాడు, దేశం ఏలినవాడు

మా జిల్లా పేజీలో గంజాయి వార్త అంటే ఎప్పుడూ ఒకే ఫొటో. స్టేషన్ ఆవరణలో ఒక టేబులు, దాని మీద బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు, వెనక సీఐ, ఎస్సైలు, వాళ్ల వెనక ముఖాలకు ముసుగులు వేసిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. కింద రాసే నాలుగు ముక్కలూ మారవు: ఇన్ని కిలోలు, ఇన్ని సెల్‌ఫోన్లు, ఏ1, ఏ2 అరెస్టు, ఏ3 పరారీ. ఒడిశా గజపతి, కొరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో పండిన సరుకు పర్లాకిమిడి మీదుగా పాతపట్నానికో, బరంపురం వైపు నుంచి ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టుకో వస్తుంది. పలాసలో రైలెక్కేది కొంత. టెక్కలి, నిమ్మాడ, నరసన్నపేటల మీదుగా పదహారో నంబరు జాతీయ రహదారిలో కార్లలో, లారీల్లో పోయేది మరికొంత. దొరికేది మోసేవాడే. డబ్బు పెట్టినవాడు, పంపించినవాడు, అందుకునేవాడు ఆ ఫొటోలోకి దాదాపు ఎప్పుడూ రారు.

ఆ రాని మనిషి ఒక దేశానికి అధ్యక్షుడైతే? అలాంటి మనిషిని బోనులో నిలబెట్టి, సాక్ష్యం విని, శిక్ష వేసిన సందర్భాలు గత నలభై ఏళ్లలో కొన్ని ఉన్నాయి. అన్నీ పరాయి దేశపు కోర్టుల్లోనే జరిగాయి. పెద్దవాణ్ని పట్టుకోవడం సాధ్యమేనా, పట్టుకునే హక్కు ఎవరిది, పట్టుకున్నాక ఆ న్యాయం నిలుస్తుందా అని మూడు ప్రశ్నలు వాటి నుంచి పుడతాయి. గంజాయి దారి మీద బతుకుతున్న మనకు ఈ మూడూ దూరపు సంగతులు కావు.

ముందు హోండురస్ సంగతి, ఎందుకంటే అందులో కథ పూర్తిగా నడిచింది. మధ్య అమెరికాలో కోటి మంది జనాభా ఉన్న పేద దేశం అది. దక్షిణ అమెరికాలో తయారైన కొకైన్ ఉత్తరానికి పోయే దారిలో ఉండటమే దాని దురదృష్టం. హువాన్ ఒర్లాండో హెర్నాండెజ్ అక్కడ 2010 నుంచి పార్లమెంటు అధ్యక్షుడు, 2014 నుంచి 2022 వరకు దేశాధ్యక్షుడు. మత్తుమందుల మీద యుద్ధం చేస్తున్న నాయకుడని వాషింగ్టన్ ఆయన్ను మెచ్చుకుంది. సొంత దేశపు పౌరుల్ని విదేశాలకు అప్పగించడాన్ని నిషేధించే నిబంధనను హోండురస్ 2012లో సడలించినప్పుడు పార్లమెంటును నడిపిస్తున్నది ఆయనే. పదేళ్ల తర్వాత ఆ మార్పే ఆయన్ను విమానం ఎక్కించింది.

మొదట దొరికింది తమ్ముడు టోనీ. మాజీ ఎంపీ అయిన టోనీని 2018 నవంబరులో మయామీలో అరెస్టు చేశారు. 2019 అక్టోబరులో జ్యూరీ దోషి అంది, 2021 మార్చిలో యావజ్జీవం పడింది. ఆ విచారణలో బయటపడిన ఒక వస్తువు గురించి కాస్త చెప్పాలి. 2018లో హోండురస్ పోలీసులు ఒక స్మగ్లర్ కారులో చిట్టా పుస్తకాలు పట్టుకున్నారు. మన కిరాణా కొట్టులో ఉండేలాంటి మామూలు నోటు పుస్తకాలు. సరుకెంత, ఎవరికెంత ఇచ్చామన్నది చేత్తో రాసి ఉంది. అందులో టోనీ పేరుంది, అధ్యక్షుడి పేరులోని మూడు పొడి అక్షరాలూ ఉన్నాయి. ఆ పుస్తకాల సొంతదారు టోనీపై తీర్పొచ్చిన కొద్ది రోజులకే హోండురస్ జైల్లో, కెమెరా చూస్తుండగా, హత్యకు గురయ్యాడు. సొంత దేశంలో సాక్షి బతికి ఉండగలడా అన్న ప్రశ్నకు అంతకంటే సూటి జవాబు దొరకదు. కేసు న్యూయార్క్‌లో ఎందుకు నడిచిందో అడిగేవాళ్లు ఆ జైలు హత్యను పక్కన పెట్టకూడదు.

హెర్నాండెజ్ 2022 జనవరి 27న పదవి దిగాడు. మూడు వారాలు గడవకముందే ఫిబ్రవరి 15న ఇంటి ముందు పోలీసులు సంకెళ్లు వేశారు. ఏప్రిల్ 21న అమెరికాకు అప్పగించారు. 2024 మార్చి 8న మన్‌హాటన్ ఫెడరల్ కోర్టులో జ్యూరీ కొకైన్ కుట్ర, ఆయుధాల అభియోగాలన్నింటిలో దోషి అంది. జూన్ 26న జడ్జి కెవిన్ కాస్టెల్ 45 ఏళ్ల జైలు, 80 లక్షల డాలర్ల జరిమానా విధించాడు. తాను స్మగ్లర్ల మీద పోరాడినవాణ్నని, వాళ్లే పగబట్టి అబద్ధాలు చెప్పారని హెర్నాండెజ్ చివరిదాకా అన్నాడు. ఆయన అండతో 400 టన్నులకు పైగా కొకైన్ హోండురస్ దాటిందన్నది ప్రాసిక్యూటర్ల మాట. మన చట్టంలో కొకైన్‌కి వాణిజ్య పరిమాణం 100 గ్రాములు. అది దాటితే కనీసం పదేళ్లు. 400 టన్నులంటే అలాంటి నలభై లక్షల కేసులు.

అక్కడితో ఆగి ఉంటే ఇది చట్టం గెలిచిన కథ అయ్యేది. 2025 నవంబరు చివర్లో, హోండురస్ ఎన్నికలకు రెండు రోజుల ముందు, హెర్నాండెజ్‌ను క్షమిస్తానని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించాడు. ఆయన్ను అన్యాయంగా, కఠినంగా చూశారన్నది ట్రంప్ వాదన. అదే ప్రకటనలో హెర్నాండెజ్ పార్టీ అభ్యర్థికి మద్దతు పలికాడు. డిసెంబరు 1న మాజీ అధ్యక్షుడు జైలు నుంచి బయటికొచ్చాడు. ఏళ్ల దర్యాప్తు, మూడు వారాల విచారణ, పన్నెండు మంది జ్యూరీ ఏకాభిప్రాయం ఒక్క సంతకంతో పోయాయి. క్షమాభిక్ష అధికారం రాజ్యాంగబద్ధమే, మన దగ్గరా 72వ అధికరణం ఉంది. కానీ సాక్ష్యం చెప్పినందుకు ఊళ్లు వదిలి పారిపోయిన హోండురస్ జనం ఆ సంతకంలో ఎక్కడా లేరు. వాళ్ల దేశానికి జరిగిన నేరాన్ని వాళ్లతో మాట కూడా అనకుండా మాఫీ చేశారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే బాధగా ఉన్నది ఇదే.

పనామా కథ దీనికి ముందుది. తీరు వేరు. మాన్యువల్ నోరియేగా అధ్యక్షుడు కాదు, సైన్యాధిపతి. అధ్యక్షుల్ని నిలబెట్టేదీ దించేదీ ఆయనే. ఏళ్ల తరబడి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ నుంచి డబ్బు తీసుకున్నవాడు. మెడెయిన్ ముఠా దగ్గర లంచాలు తీసుకుని కొకైన్‌కి దారిచ్చాడని 1988 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో అభియోగాలు నమోదయ్యాయి. 1989 డిసెంబరు 20న అమెరికా సైన్యం పనామాలో దిగింది. నోరియేగా వాటికన్ రాయబార కార్యాలయంలో దాక్కున్నాడు. బయట సైనికులు రాత్రీ పగలూ పెద్ద శబ్దంతో రాక్ సంగీతం మోగించారు. 1990 జనవరి 3న లొంగిపోయాడు. 1992 ఏప్రిల్‌లో మయామీ జ్యూరీ పది అభియోగాల్లో ఎనిమిదింట దోషి అంది. 40 ఏళ్ల శిక్ష తర్వాత 30కి తగ్గింది. యుద్ధఖైదీగా గుర్తించారు కాబట్టి సైనిక దుస్తుల్లోనే కోర్టుకొచ్చాడు. అమెరికాలో శిక్ష అయ్యాక 2010లో ఫ్రాన్స్‌కు, 2011 డిసెంబరులో సొంత దేశానికి పంపారు. 2017 మేలో పనామా నగరంలోనే చనిపోయాడు. ఒక్కణ్ని అరెస్టు చేయడానికి చేసిన ఆ దాడిలో పనామా పౌరులు వందల్లో చనిపోయారు, ఎల్ చొరియో అనే పేదల వాడ కాలిపోయింది. ఆ చావులకు ఏ కోర్టూ ఎవరికీ శిక్ష వేయలేదు.

వెనెజ్వేలా నాయకుడు నికోలస్ మదురో సంగతి ఇంకా నడుస్తోంది. 2020 మార్చిలో న్యూయార్క్‌లో మత్తుమందుల అభియోగాలు మోపారు, తలకు వెల కట్టారు. 2026 జనవరి 3న, నోరియేగా లొంగిన తేదీనే, అమెరికా సైన్యం ఆయన్ను రాజధాని కారకాస్‌లో పట్టుకుని న్యూయార్క్ కోర్టులో నిలబెట్టింది. నేరం చేయలేదని ఆయన జడ్జి ముందు చెప్పాడు. తీర్పు రానిదే ఆయన్ను శిక్ష పడినవాళ్ల వరసలో చేర్చడం తప్పు. పట్టుకున్న పద్ధతి వేరే చర్చ. అభియోగపత్రం ఉంటే చాలు, సైన్యాన్ని పంపి దేశాధినేతను ఎత్తుకు రావచ్చన్నది రివాజయితే చిన్న దేశాలకు ఇక సరిహద్దులంటూ ఉండవు.

సురినామ్ కథ మరీ విచిత్రం, తెలుగులో దాదాపు ఎవరూ రాయనిది. దక్షిణ అమెరికా ఉత్తర తీరంలో డచ్చివాళ్ల పాత వలస దేశం అది. 1873 నుంచి కలకత్తా రేవులో ఓడెక్కిన భారతీయ కూలీల మనవలు, మునిమనవలు జనాభాలో పెద్ద వర్గం. దేసీ బౌటర్సే అక్కడ సార్జెంటు. 1980 ఫిబ్రవరిలో కుట్ర చేసి అధికారం పట్టాడు. 1982 డిసెంబరు 8న జీలాండియా కోటలో 15 మంది ప్రత్యర్థుల్ని కాల్చి చంపించారు. తర్వాతి కాలంలో 474 కిలోల కొకైన్ కేసులో 1999లో నెదర్లాండ్స్ కోర్టు ఆయన లేకుండానే విచారించి 16 ఏళ్లు వేసింది. అప్పీలులో 11 ఏళ్లకు తగ్గింది. అందులో ఒక్క రోజు కూడా ఆయన జైల్లో గడపలేదు. సురినామ్ తన పౌరుణ్ని అప్పగించదు, తనను పట్టుకునే దేశానికి ఆయన వెళ్లలేదు. పదేళ్లు పోయాక, 2010లో, పార్లమెంటు ఆయన్నే అధ్యక్షుణ్ని చేసింది. విదేశీ కోర్టులో కొకైన్ కేసులో శిక్ష పడిన మనిషి రాజముద్ర చేతిలో పట్టుకుని రెండు విడతలు, 2020 వరకు, దేశం ఏలాడు. పరాయి కోర్టు తీర్పును ఆయన వలసవాదుల కక్షగా చిత్రించాడు, ఓటర్లలో చాలామంది ఔనన్నారు.

చివరికి ఆయన మెడకు చుట్టుకున్నది సొంత దేశపు కోర్టు తీర్పే. డిసెంబరు హత్యల విచారణను ఆపడానికి 2012లో పార్లమెంటు క్షమాభిక్ష చట్టం చేసింది. సైనిక కోర్టు దాన్ని పక్కన పెట్టింది. 2019 నవంబరులో, ఆయన ఇంకా అధ్యక్షుడిగా ఉండగానే, 20 ఏళ్ల శిక్ష వేసింది. 2023 డిసెంబరులో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. జైలుకు రావాల్సిన రోజున బౌటర్సే అజ్ఞాతంలోకి పోయాడు, 2024 డిసెంబరు చివర్లో అజ్ఞాతంలోనే చనిపోయాడు. ఒకప్పుడు పోలీసు అధికారిగా ఆ హత్యల దర్యాప్తును ముందుకు నడిపిన చాన్ సంతోఖీయే 2020లో ఆయన తర్వాత అధ్యక్షుడయ్యాడు. భారత మూలాలున్న మనిషి. హత్యల నుంచి శిక్ష దాకా ముప్పై ఏడేళ్లు పట్టింది. కానీ సురినామ్ రాజధాని పరామారిబోలో కోర్టు రాసిన ఆ తీర్పును విదేశీ కుట్ర అని కొట్టిపారేయడం ఎవరి వల్లా కాలేదు. ది హేగ్‌లో డచ్చి కోర్టు ఇచ్చిన కొకైన్ తీర్పుకు లేని బరువు దానికి వచ్చింది.

తక్కినవి క్లుప్తంగా. కరీబియన్‌లోని టర్క్స్ అండ్ కైకోస్ ముఖ్యమంత్రి నార్మన్ సాండర్స్‌ను 1985లో మయామీలోనే పట్టుకుని శిక్షించారు. బ్రిటిష్ వర్జిన్ దీవుల ప్రధాని స్థాయి నేత ఆండ్రూ ఫాహీ 2022లో అదే మయామీలో దొరికాడు, 2024లో పదకొండేళ్లకు పైగా శిక్ష పడింది. మెక్సికోలో పోలీసు వ్యవస్థకు పెద్దగా పనిచేసిన మంత్రి జెనారో గార్సియా లూనాకు 2024 అక్టోబరులో న్యూయార్క్ కోర్టు 38 ఏళ్లు దాటిన శిక్ష వేసింది. మత్తుమందుల మీద యుద్ధం చేస్తానని అమెరికా సాయం అందుకున్నవాడే ముఠా జీతగాడని తేలింది.

ఈ కేసుల్లో పెద్దవాటికి ప్రాణం అప్రూవర్లు. హెర్నాండెజ్ మీద సాక్ష్యం చెప్పినవాళ్లలో ఒకడు 78 హత్యలకు, మరొకడు 56 హత్యలకు తాము కారణమని ఒప్పుకున్నవాళ్లు. శిక్ష తగ్గుతుందన్న ఆశతో వచ్చినవాళ్లు. నోరియేగా మీద చెప్పిన ఒక సాక్షికి ప్రత్యర్థి ముఠా డబ్బిచ్చిందని తర్వాత బయటపడింది. అయినా పై కోర్టు మళ్లీ విచారణ అక్కర్లేదంది. అలాంటి నోటి మాటల మీద ఒక దేశాధ్యక్షుణ్ని శిక్షించవచ్చా? వాళ్ల మాట ఒక్కటే ఉంటే శిక్షించకూడదన్నదే నా జవాబు. చిట్టా పుస్తకం, ఫోన్ రికార్డు, డబ్బు నడిచిన దారి ఆ మాటకు తోడు నిలిస్తే శిక్షించవచ్చు. ముఠా లోపల ఏం జరిగిందో చెప్పగలిగేది ముఠాలో ఉన్నవాడే, గుడి పూజారి వచ్చి చెప్పడు.

మన దగ్గర తేడా ఇక్కడే ఉంది. 1985 నాటి మత్తుమందుల నిరోధక చట్టం ఎన్‌డీపీఎస్‌లో పెద్దవాణ్ని పట్టుకునే ఏర్పాటు లేదనుకోవద్దు. డబ్బు పెట్టినవాడికి, ఆశ్రయమిచ్చినవాడికి 27ఏ సెక్షన్ కింద పది నుంచి ఇరవై ఏళ్లు. కుట్రలో పాలుపంచుకున్నవాడికి 29వ సెక్షన్. లోపలివాడు నిజమంతా చెబితే ప్రభుత్వం అతనికి కేసు నుంచి రక్షణ ఇవ్వడానికి 64వ సెక్షన్. అక్రమ ఆస్తి జప్తుకు విడిగా ఒక అధ్యాయమే ఉంది. వాడేది మాత్రం ఎక్కువగా మోసేవాడి మీదే. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం: పదేళ్లకు తగ్గదు, 37వ సెక్షన్ ఉంది కాబట్టి బెయిలు రావడం కష్టం. విశాఖ అడవివరం సెంట్రల్ జైలు గంజాయి ఖైదీలతోనే కిక్కిరిసి ఉంటుందన్నది అందరికీ తెలిసిన మాటే. వాళ్లలో గిరిజనులు, తమిళనాడు, కేరళ, ఒడిశా కుర్రాళ్లు, డ్రైవర్లు.

పట్టుబడ్డవాడు స్టేషన్లో యజమాని పేరు చెబితే సరిపోదా అనుకుంటాం. సరిపోదు. 2020 అక్టోబరు 29న తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఎన్‌డీపీఎస్ అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదని చెప్పింది. కొట్టి చెప్పించిన మాటలతో మనిషిని ఇరవై ఏళ్లు లోపల వేయకూడదు కాబట్టి అది మంచి తీర్పు. దాని అర్థం ఏమిటంటే ఏ1 నోటి నుంచి ఏ3 పేరు వచ్చాక పోలీసు పని అప్పుడే మొదలవుతుంది. ఫోన్ ఎవరితో మాట్లాడింది, యూపీఐలో వెయ్యి రెండు వేలు ఎవరు వేశారు, లాడ్జిలో గది ఎవరు తీశారు, కారు ఎవరి పేరున ఉంది అన్నవన్నీ కట్టాలి. పోలీసు భాషలో దీన్నే బ్యాక్‌వర్డ్ లింక్, ఫార్వర్డ్ లింక్ అంటారు. టెక్కలిలోనో ఇచ్ఛాపురంలోనో ఉన్న ఒక ఎస్సై బందోబస్తు డ్యూటీలు చేసుకుంటూ చెన్నై, కోచి దాకా ఆ లింకు కట్టగలడా? గంజాయి మీద ప్రత్యేకంగా పనిచేయడానికి 2024 చివర్లో రాష్ట్రం ఈగల్ అనే విభాగాన్ని పెట్టింది, 1972 అనే ఫోన్ నంబరు ఇచ్చింది. పట్టిన కిలోలే లెక్క కాకుండా 27ఏ కింద ఎంతమంది మీద చార్జిషీటు పడింది, ఎంత ఆస్తి జప్తయింది అని కూడా ఏటా చెబితే దాని పని తెలుస్తుంది.

అంతకుముందు 2021, 2022ల్లో ఆపరేషన్ పరివర్తన పేరిట అప్పటి విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల తోట నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. అది చిన్న పని కాదు. కొండ మీద శీలావతి రకం గంజాయి వేయించిందీ, విత్తనం నుంచి పెట్టుబడి దాకా ముందే ఇచ్చిందీ మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు. తోట పోయింది, ఆ వ్యాపారి గెడ్డ దాటి ఒడిశా వైపు మరో గూడెం చూసుకున్నాడు. మంటలో కాలింది సరుకు, పెట్టుబడి కాదు.

హెరాయిన్ విషయంలోనూ ఇంతే. 2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా రేవులో దాదాపు మూడు వేల కిలోల అఫ్గాన్ హెరాయిన్ పట్టుబడినప్పుడు, దాన్ని టాల్కమ్ రాయిగా చూపి తెప్పించిన సంస్థ చిరునామా విజయవాడ సత్యనారాయణపురంలో తేలింది. 21 వేల కోట్ల విలువ అన్నారు. రాష్ట్రంలో రాజకీయ దుమారం రేగింది. ఆ చిరునామా ఉన్నది ఒక మామూలు ఇంట్లో. పెద్ద సరుకు ఎప్పుడూ చిన్న మనుషుల పేర్ల మీదే నడుస్తుంది.

హక్కు ఎవరిది అన్న ప్రశ్నకు వద్దాం. తన నేల మీదికి చేరే మత్తుమందును ఎక్కడ తయారు చేసినా నేరమేనని అమెరికా చట్టం అంటుంది. మన ఎన్‌డీపీఎస్ చట్టమూ విదేశాల్లో ఉన్న భారత పౌరులకు, మన దేశంలో నమోదైన ఓడల్లో, విమానాల్లో ఉన్న అందరికీ వర్తిస్తుందని మొదటి సెక్షన్లోనే ఉంది. ఓడల మీద పనికిపోయే ఉద్దానం కుర్రాళ్లు, సోంపేట, కవిటి, మందస వైపు వాళ్లు, ఇది తెలుసుకోవడం మంచిది. పదవిలో ఉన్న నాయకుడికి మాత్రం పరాయి దేశపు కోర్టుల్లో రక్షణ ఉంటుంది. 2002 ఫిబ్రవరిలో కాంగో, బెల్జియం వివాదంలో అంతర్జాతీయ న్యాయస్థానం పదవిలో ఉన్న విదేశాంగ మంత్రికి ఆ రక్షణ ఉందంది. అందుకే హెర్నాండెజ్ పదవి దిగేదాకా ఆగారు. నోరియేగాను అమెరికా దేశాధినేతగా ఎన్నడూ గుర్తించలేదన్నది అక్కడి కోర్టు చెప్పిన కారణం. ఎవరు దేశాధినేతో నిర్ణయించేది కూడా పట్టుకునే దేశమే అయితే ఆ రక్షణకు విలువెంత?

తెలుగు నాయకుల్లో విదేశీ కోర్టులో మత్తుమందుల కేసులో శిక్ష పడినవారు నాకు తెలిసి ఎవరూ లేరు, అది సంతోషించాల్సిన విషయం. విదేశీ కోర్టు అభియోగపత్రంలో తెలుగు నాయకుడి పేరు రావడం మాత్రం చూశాం. మన తీరపు టైటానియం ఖనిజానికి అనుమతుల కోసం 1.85 కోట్ల డాలర్ల లంచాలు ఇవ్వజూపారని 2014 ఏప్రిల్‌లో షికాగోలో వెల్లడించిన కేసులో ఉక్రెయిన్ వ్యాపారి దిమిత్రో ఫిర్టాష్‌తో పాటు అప్పటి రాజ్యసభ సభ్యుడు కేవీపీ రామచంద్రరావు పేరు ఉంది. ఆయన ఆ ఆరోపణలను ఖండించారు. ఎవరికీ శిక్ష పడలేదు. ఫిర్టాష్ అప్పగింత మీద వియన్నా కోర్టుల్లో ఏళ్లకేళ్లు వాదనలు నడిచాయి. అది లంచం కేసు, దీనికీ దానికీ పోలిక అంతవరకే. మన తీరం ఇసుక గురించి, మన రాష్ట్ర ప్రభుత్వంలో జరిగిందంటున్న వ్యవహారం గురించి మొదటి ప్రశ్న అడిగింది షికాగో. మన సంస్థలు అడగలేదు. ఆరోపణ నిజమైతే దోషుల్ని తేల్చడానికీ, అబద్ధమైతే ఆ మచ్చ తుడవడానికీ ఇక్కడే విచారణ జరగాలి. అది జరిగినట్టు నాకు తెలియదు.

పరాయి కోర్టు ముందు నిలబడ్డ సామాన్యుడికి ఏమవుతుందో కూడా ఈ సమీక్షలో చేర్చకపోతే అన్యాయం. 2019 జూలైలో ముంబై నుంచి ఖతార్ వెళ్లిన ఒక జంట సామానులో నాలుగు కిలోల హషీష్ దొరికింది. దగ్గరి బంధువు ఇచ్చిన పొట్లం అది, అందులో ఏముందో వాళ్లకు తెలియదు. పదేళ్ల శిక్ష పడింది. భార్య గర్భిణి, బిడ్డ జైల్లోనే పుట్టింది. మన మత్తుమందుల నియంత్రణ సంస్థ ఎన్‌సీబీ దర్యాప్తు చేసి మోసం బయటపెట్టాక, 2021లో అక్కడి కోర్టు వాళ్లను నిర్దోషులుగా విడిచింది. 2023 ఏప్రిల్‌లో సింగపూర్ ఒక తమిళ కుటుంబపు మనిషిని కిలో పైచిలుకు గంజాయి కేసులో ఉరి తీసింది. సరుకు అతని చేతిలో ఎన్నడూ దొరకలేదు, ఫోన్ నంబర్ల ఆధారంగా కుట్ర తేల్చారు. కిలోకి ఉరి, 400 టన్నులకు క్షమాభిక్ష. ఈ రెండూ రెండు దేశాల్లో, రెండు చట్టాల కింద జరిగాయని నాకు తెలుసు. తెలిసినా ఆ లెక్క మింగుడుపడదు. గల్ఫ్‌కు బయల్దేరే మన పిల్లలకు ఊరివాళ్లు ఊరగాయ సీసా, మందుల పొట్లం ఇచ్చి ఫలానా వాళ్లకు అందించమంటారు. మొహమాటపడకుండా విప్పి చూడాలి, లేదా తీసుకెళ్లనని చెప్పాలి. ఆ పొట్లానికి విదేశంలో ట్రంప్ సంతకం దొరకదు.

మళ్లీ మా జిల్లాకు వస్తే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటల్ని పెళ్లగించింది. మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పట్టే చెట్లవి. అప్పటికే కిడ్నీ జబ్బు ఇంటింటినీ తిన్నది. పలాసలో సంచి పట్టుకుని రైలెక్కే కుర్రాళ్లు లెక్కకు మిక్కిలి. ఆ రైళ్లలోనే ఆ సంచులూ ఎక్కుతాయి. ఒక్క ప్రయాణానికి ఐదు వేలో పది వేలో ఇస్తామని అడిగేవాడు ఎవర్ని అడుగుతాడో వేరే చెప్పాలా? అడిగినవాడి మీద కేసు పడనంతకాలం, మోసినవాడి మీద పడే పదేళ్లు న్యాయమని చెప్పుకోవడం నా వల్ల కాదు.

పెద్దవాణ్ని పట్టుకోవడం సాధ్యమేనని న్యూయార్క్, మయామీ కోర్టులు రుజువు చేశాయి. ఆ పట్టు ఒక బలమైన దేశపు రాజకీయ అవసరాన్ని బట్టి బిగుస్తుందని, వదులవుతుందని కూడా రుజువైంది. సీఐఏ జీతం తీసుకున్నన్నాళ్లు నోరియేగా మంచివాడు. మెచ్చుకోలు నడిచినన్నాళ్లు హెర్నాండెజ్ మిత్రుడు, తర్వాత దోషి, ఆ తర్వాత క్షమార్హుడు. సురినామ్ కోర్టు ఒక్కటే ఆలస్యంగానైనా తన పని తాను చేసుకుంది.

హెర్నాండెజ్ విషయంలోనూ సొంత ఇంటి కేసు ఒకటి ఉంది. ప్రజల కోసం ఉద్దేశించిన ప్రభుత్వ నిధులను ఎన్నికల ప్రచారాలకు మళ్లించారన్న వ్యవహారంలో, పండోరా కేసని పేరు, 2023లో హోండురస్‌లో ఆయన మీద అరెస్టు వారంటు జారీ అయింది. ఆయన అప్పటికే అమెరికా జైల్లో ఉండటంతో అది అమలు కాలేదు. ఆయన విడుదలైన వారం రోజులకు, 2025 డిసెంబరులో, హోండురస్ అటార్నీ జనరల్ జోయెల్ సెలాయా ఆ వారంటు అమలు చేయమని పోలీసులకు, ఇంటర్‌పోల్‌కు లేఖలు పంపాడు. అమెరికా అధ్యక్షుడి క్షమాభిక్ష ఆ వారంటుకు వర్తించదు. దాన్ని అమలు చేయాలా వద్దా అన్నది హోండురస్ రాజధాని తెగుసిగల్పాలోని జడ్జీలు తేల్చాల్సిన విషయం.